విరిగిన చెరకు కత్తి

నా చిన్నప్పుడు మా తాతయ్యకు కోపం రావడం నేను ఒక్కసారే చూశాను.

మా ఊరు ఐరాలలో ఆయనకు కొలిమి ఉండేది. మా పక్కింటి అక్క చెరకు కొట్టే కూలికి పోయేది. ఒకరోజు తోటలో ఆమె కత్తి పుటుక్కున విరిగి, ముక్క ఎగిరి కంటి కింద దిగబడింది. ఆ కత్తులు కూలీలను పనికి పెట్టే మేస్త్రీ కొనిచ్చినవి. కట్టు కట్టించుకుని వచ్చిన మనిషిని అందరి ముందూ తిట్టి, ఇక పనికి రావద్దన్నాడు. "కొట్టను చేతగాక ఇరగ్గొట్టుకునింది," అన్నాడు. తప్పు తనదేనేమో అనుకుంది అక్క, పాపం.

తాతయ్య ఆ ముక్కలు తెప్పించుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. తాను చేసిన కత్తి ఒకటి, సుత్తి పట్టుకుని, మనవరాలినైన నన్ను వెంటబెట్టుకుని నేరుగా ఆ తోటకే నడిచాడు.

గట్టు మీది బండపై తన కత్తిని పెట్టి బాదాడు. అది వంగింది. సరిచేసి మళ్లీ బాదాడు. ఎన్నో దెబ్బలు తిన్నాక గానీ విరగలేదు. అప్పుడు రెండు కత్తుల విరిగిన అంచులూ మేస్త్రీ ముఖం ముందు పెట్టాడు. తాతయ్యది బూడిద రంగులో, సన్నని పలుకుతో నున్నగా ఉంది. మేస్త్రీ ఇచ్చినది చక్కెర పలుకుల్లా మెరుస్తోంది.

"సూడప్పా! దీన్ని కొలిమిలో మాడబెట్టినారు. లోపల పలుకు లావైపోయుండాది. ఇట్లాంటిది ఎవురి చేతిలోనైనా ఇరుగుతాది. ఆ బిడ్డ చేతినెందుకు అంటావు?"

మేస్త్రీ తల తిప్పుకున్నాడు. చెరకు కొట్టే ఆడవాళ్లు మాత్రం తమ కత్తులు ఒక్కొక్కరే కింద పెట్టేశారు. వేరే కత్తులు తెచ్చి, అక్కను మళ్లీ పిలిచేదాకా ఎవరూ పనిలోకి దిగలేదు. మూడో రోజు పిలిచాడు. తప్పయిందని మాత్రం అనలేదు.

తర్వాత నేను లోహశాస్త్రం చదివి, ఉక్కును పరీక్షించే ప్రయోగశాలలో చేరాను. మా చదువు పేరు పదార్థ విజ్ఞానంగా మారింది. ఉక్కు పక్కన పింగాణీ, ప్లాస్టిక్, కార్బన్ ఫైబర్ వచ్చి చేరాయి. సూక్ష్మదర్శినులు గదంత అయ్యాయి. అయినా దేన్నయినా మేం అడిగేది తాతయ్య అడిగిందే: లోపల ఎట్లా అమరింది, ఎందుకు విరిగింది?

రిటైరైనా ఇప్పటికీ నన్ను సలహాకు పిలుస్తుంటారు. మొన్నామధ్య బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీలో యంత్రం ఇరుసు విరిగి, ఒకామె వేళ్లు పోయాయి. విరిగిన ముక్క నా దగ్గరికి రాకముందే ఫ్యాక్టరీ వాళ్ల కాగితం వచ్చింది. 'కార్మికురాలి నిర్లక్ష్యం' అని రాసి, కింద నా సంతకానికి చోటు వదిలారు. ఒళ్లు మండిపోయింది. కాగితం తిప్పి పంపాను. నెల రోజులు పోట్లాడితే ముక్క వచ్చింది. తప్పు ఉక్కుదేనని తేలింది, అదే రాశాను.

ముక్కను చూడకుండా మనిషి మీద తప్పు మోపే కాగితం మీద నేను ఏనాడూ సంతకం పెట్టలేదు. పెట్టను.