పియానోకి మంకీక్యాప్

నిండు పెళ్ళిలో పియానో పీక నొక్కిన ఘనుణ్ణి నేను. అప్పుడే నవ్వకండి, అసలు ఘోరం ముందుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం ఢిల్లీ సాకేత్‌లో తెలుగు చర్చికి వెళ్ళేవాణ్ణి. భక్తి కొంత, అక్కడ పియానో వాయించే సుజాత మీద ధ్యాస కొండంత. ఆమెది తణుకు, ఆసుపత్రిలో నర్సు.

ఆ పియానోకి ఒకటే జబ్బు: మోగితే ఆగదు. మీట మీంచి వేలు తియ్యగానే తీగని అణిచి నోరు మూయించే మెత్తని దిమ్మెలుంటాయి. డ్యాంపర్లంటారు. అవి గట్టిపడిపోయాయి. దాంతో స్వరం మీద స్వరం పడి, పెళ్ళివారి బస్సులో అందరూ ఒకేసారి మాట్లాడినట్టుండేది.

"రేపే మా అక్క పెళ్ళి. బాగుచేసే ఆయనేమో వచ్చేవారం గానీ రాడట," అంది సుజాత దిగులుగా.

"ఆగనిదాన్ని ఆపడమేగా! నేను ఇంజనీర్నండీ."

"పియానోలు చదివారా?"

"సివిల్. ఏదైనా సూత్రం ఒకటే!"

పియానో ముందు పలక ఊడదీశాను. ఢిల్లీ చలికని అమ్మ పంపిన ఉన్ని మంకీక్యాప్‌ని ముక్కలు కోసి, దిమ్మెలకి జిగురుతో అంటించాను. కోతి పుండు బ్రహ్మరాక్షసి అంటారు. నా విషయంలో కోతిటోపీయే రాక్షసి అయింది.

సుజాత మీట నొక్కింది. స్వరం మోగి టక్కున ఆగింది.

"అబ్బ, భలే చేశారండీ!"

ఇంకేముంది, నా కాళ్ళు నేల మీద లేవు. ఆమె వెళ్ళాక, ఆ సంబరంలో సీసాలో మిగిలిన జిగురంతా ఆ ఉన్ని ముక్కల మీదే పూసేశాను.

తెల్లారేసరికి జిగురు ఉన్నిలోంచి ఊరి, దిమ్మెల్ని తీగలకే అతికించేసింది. ఆ సంగతి నాకు నిండు సభలో తెలిసింది. గుమ్మంలో పెళ్ళికూతురు. సుజాత మీట నొక్కింది.

దబ్.

మళ్ళీ నొక్కింది. దబ్ దబ్.

"ఏం చేశారండీ?" పళ్ళ బిగువున అడిగింది.

"ఆగేలా చేశాను."

"అసలు మోగితేగా ఆగడానికి! లోపలేం పోశారు?"

"కొంచెం... జిగురు."

నాకైతే భూమి చీలితే బాగుండుననిపించింది. సుజాత మాత్రం ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ఆ మీటల్నే డప్పులా దంచుతూ తెలుగు పెళ్ళిపాట ఎత్తుకుంది. జనం చప్పట్లు కలిపారు. పెళ్ళికూతురు నవ్వుకుంటూ, తాళానికి అడుగులేసుకుంటూ వచ్చింది.

తర్వాత పాస్టరుగారు పియానోలోకి తొంగిచూశారు. "ఏం బాబూ, దీనికి చలేసిందా?"

భోజనాల దగ్గర నరసాపురం నుంచి వచ్చిన పెళ్ళికొడుకు తండ్రి అందుకున్నారు. "మావైపు డప్పులోళ్ళని వేరే పిలవాలండీ. మీ ఢిల్లీలో పియానోలోనే పెట్టేశారే! ఎవరండీ ఆ మేధావి?"

నేను సాంబారులో ములక్కాడ వెతుకుతున్నాను.

"ఈయనేనండీ!" అంది సుజాత, నవ్వాపుకోలేక.

ఏడాది తిరిగాక ఆమె నన్ను చేసుకోవడానికి ఒప్పుకుంది, ఒకే షరతు మీద: "పెళ్ళిలో నా చెయ్యి తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు."

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మోగేదాన్ని దేన్నీ నేను ఆపను. పొద్దున్నే మోగే అలారాన్నయినా సరే, సుజాతే లేచి ఆపుకోవాలి.