గాలి తీసిన అనపగింజలు

గాలి మీద నాకు పగ ఉన్న రోజులవి. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఆ వయసులో తోటివాళ్లకు సినిమాల పిచ్చో బండ్ల పిచ్చో ఉండేది. నాకు మాత్రం తిండివస్తువుల్లో దాక్కున్న గాలిని మెడ పట్టి బయటికి గెంటడమే పని. తొమ్మిదో తరగతిలో నేనూ సైన్సు పుస్తకమూ ఇక ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదని తీర్మానించుకున్నాక, హోసూరులో జీడిపప్పు, ఎండుద్రాక్ష అమ్మే అంగడిలో పనికి కుదిరాను. అక్కడికి కొత్త వ్యాక్యూమ్ ప్యాకింగ్ మిషన్ వచ్చినప్పుడు, పాతదాన్ని మా ఓనరు నా చేతిలో పెట్టి, "ఎత్తుకొని పోప్పా, ఈడ జాగా లేదు" అన్నాడు. మూత ఎత్తి, సంచి మూతి లోపల పెట్టి మూస్తే చాలు. గుర్రుమని గాలంతా లాగేసి, చివర వేడి పట్టీతో అతికించేస్తుంది. రాజ్యం దొరికినవాడికి కూడా అంత గర్వం ఉండదేమో.

ఆ మిషన్‌ను నేరుగా జవళగిరిలో మా పెద్దమ్మ ఇంటికి చేర్చాను. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. అడవి అంచున కాస్త మెట్టపొలం, రెండు ఆవులు, నోటినిండా మాటలు ఆమె ఆస్తి. నిల్వ పెట్టడంలో ఆమె పద్ధతులు ఆమెకున్నాయి. కందిపప్పుకు ఆముదం పట్టించి డబ్బాకెత్తేది, చింతపండుకు ఉప్పద్ది జాడీలో అదిమేది, రాగుల్లో ఎండిన వేపాకు వేసేది. ఇవన్నీ పాతకాలపు పనులని నేను తేల్చేసి, ఒక్క ఆదివారంలో ఇంటిని ఆధునికం చేయడానికి పూనుకున్నాను. మురుకుల సంచిలో గాలి లాగగానే మురుకులు నలిగి పిండయ్యాయి. (పెద్దమ్మ ఆ పిండిని చూసి, "మేలు చేసినావప్పా, పళ్లు లేనోళ్లకు పంచొచ్చు" అంది.) ఎండుమిరపకాయల తొడిమలు సంచిని పొడిచి, వెళ్లగొట్టిన గాలిని మళ్లీ లోపలికి పిలుచుకున్నాయి. రాగిపిండినైతే గాలితో పాటు మిషనే కొంత తాగేసి రెండు రోజులు దగ్గింది. అయినా నేను వెనక్కి తగ్గలేదు. తగ్గి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, నా ఆరు నెలల నిద్రా నాకు మిగిలేది.

సంక్రాంతి దాటాక పెద్దమ్మ పట్టా కాగితాల పని మీద మూడు రోజులు కృష్ణగిరికి పోవలసి వచ్చింది. పోతూ పోతూ వాకిట్లో గుడ్డ మీద ఆరబోసిన అనపగింజలను చూపించింది. అవి వండుకునే గింజలు కావు, విత్తనాలు. ఆమె అత్తగారు ఇచ్చినవట. ఏటా రాగిచేలో సాళ్లుగా వేసి, మళ్లీ వాటిలోంచే విత్తనం తీసేది. ఆ గింజను నానబెట్టి, పొట్టు పితికి చేసే పితికిపప్పు పులుసు వాసన వీధి చివరికి పోయేది. అందుకే ఊళ్లో ఐదిళ్లవాళ్లు విత్తనానికి ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. "ఎండ చాలినాక నేనొచ్చి బూడిద కలిపి కుండకెత్తుతా. నువ్వు ముట్టొద్దు" అని చెప్పి బస్సెక్కింది.

ముట్టాను. బాగా ఎండిన గింజలను ఐదు సంచుల్లో పోసి, గాలి లాగి, ఇటుకల్లా బిగిసిన ప్యాకెట్లను గూట్లో వరసగా పేర్చి, మెచ్చుకోలు కోసం వాకిట్లో నిలబడ్డాను.

పెద్దమ్మ వచ్చింది. ఒక ప్యాకెట్ తీసి వెలుతురుకు పెట్టి చూసింది. లోపల గింజలు ప్లాస్టిక్‌కు ముఖాలు ఆనించి బయటికి చూస్తున్నట్టున్నాయి.

"ఊపిరాడతాదంట్రా వీటికి?"

"గాలి లేకుంటే పురుగు పుట్టదు పెద్దమ్మా. పదేళ్లయినా ఇట్లే ఉంటాయి."

"పదేళ్లు నాకెందుకురా, ఆషాఢం దాకా ఉంటే చాలు." ఆమె ప్యాకెట్‌ను గూట్లో పెట్టేసింది. "సరే, నీ మాట మీద పెడతా ఉండా. మొలవకపోతే ఐదిళ్లోళ్ల ముందర నా మొగం యాడ పెట్టుకోవాల్నో అదీ నువ్వే చెప్పు."

తిట్టి ఉంటే బాగుండేది. నా మాట మీద పెడతానంది, అదే నన్ను చంపింది. పక్కింటి మీసాల తాత మిగిలింది పూర్తి చేశాడు. గోడ మీదుగా సంగతంతా విని, మీసం దువ్వుకుంటూ, "ఒరే మిషనప్పా, విత్తనమంటే ఏమనుకున్నావురా? నిద్రపోయే పసిబిడ్డ. నిద్రపోయే బిడ్డ మొగానికి ప్లాస్టిక్ కవరు కట్టేసి, చూడండి ఎట్ల గమ్మున పండుకోనుందో అంటే ఎట్లప్పా?" అన్నాడు.

అంతే. ఆ రోజు నుంచి హోసూరు అంగడిలో జీడిపప్పు ప్యాక్ చేస్తున్నా నా చెవుల్లో పసిబిడ్డల ఏడుపే. సెలవు రోజున జవళగిరి పోయినప్పుడల్లా మొదట గూటి దగ్గరికి పోయి, ఐదు ప్యాకెట్లనూ చెవి దగ్గర పెట్టుకుని వినేవాణ్ణి. (ఏం వినబడుతుందని ఆశించానో ఇప్పుడు అడిగితే చెప్పలేను.) ఒకటి కాస్త వదులైనట్టు కనిపిస్తే, హమ్మయ్య, వీటికైనా గాలి దొరికిందని సంతోషించేవాణ్ణి. ప్యాకింగ్ పనివాడు ప్యాకెట్ లీకయితే పండగ చేసుకోవడం మా వృత్తిలో అదే మొదటిసారి అయివుండాలి.

జూన్‌లో మబ్బులు కమ్మేసరికి ఇక ఓర్చుకోలేక, ఒక ప్యాకెట్ రహస్యంగా కోసి పది గింజలు తీసి, మళ్లీ అతికించాను. హోసూరు గదికి తెచ్చి తడిగుడ్డలో చుట్టాను. ఇంతవరకు ఎవరైనా చేసేదే. అయితే గుడ్డ ఆరిపోతుందేమోనని భయం వేసింది. అంగడిలో ఉన్నది ప్యాకింగ్ మిషన్. తలలో ఉన్నది నా బుర్ర. తడిగుడ్డను సంచిలో పెట్టి, గాలి లాగి అతికించేశాను.

నాలుగో రోజు విప్పితే, చెప్పకూడదు కానీ, పక్క గదివాడు "ఎలుక చచ్చిందా?" అని వచ్చి తలుపు తట్టాడు. పది గింజలూ జిగురు కట్టి కుళ్లిపోయాయి. ఐదు ప్యాకెట్ల నిండా శవాలే అని తేలిపోయింది. పెద్దమ్మ అత్తగారు ఆమెకిచ్చిన విత్తనాన్ని, తొమ్మిదో తరగతి దాటని నేను ఒక్క పూటలో అంతం చేశాను.

తప్పు చేసినవాడికి ధైర్యం రాదు గానీ తెలివి మాత్రం ఎక్కడి నుంచో వస్తుంది. అంచెట్టి సంతకు పోతే అచ్చం అలాంటి అనపగింజలు దొరుకుతాయని విని, అంగడికి జ్వరమని చెప్పి, ఉన్న ఒకటి రెండు బస్సుల కోసం గంటలు కాచుకుని, మూట కట్టుకొచ్చాను. పెద్దమ్మ పొలానికి పోయిన సమయం చూసి ఐదు ప్యాకెట్లూ విప్పి, పాత గింజలను కొట్టం వెనక పేడదిబ్బ మీద పారబోసి, పైన కాస్త చెత్త కప్పాను. కొత్తవి నింపి గాలి లాగేటప్పుడు మిషన్ గుర్రుమన్న ప్రతిసారీ నన్నే తిడుతున్నట్టు అనిపించింది.

వారం రోజులు మంచి వాన పడింది. మరుసటి ఆదివారం నేను పోయేసరికి పెద్దమ్మ కొంగు నడుముకు చుట్టి ప్యాకెట్ కోస్తోంది. పిడికెడు గింజలు అరచేతిలో పోసుకుంది. వాసన చూసింది. ఒక గింజను గోటితో తిప్పి చూసింది.

"ఇవి యాడివిరా?"

"మనవే పెద్దమ్మా."

"మన గింజకు కొసన నల్లచుక్క ఉంటాది. ఇన్నేండ్లు తింటివే, చూడలేదా?"

చూడలేదు. గాలిని చూసినంత శ్రద్ధగా గింజను ఏనాడూ చూడలేదు. దాంతో ఏడుపు గొంతుతో అంతా కక్కేశాను. పరీక్ష, కుళ్లు, సంత, దిబ్బ. ఆమె ప్యాకెట్ పక్కన పెట్టింది. రోలు మీద కూర్చుండిపోయింది.

"సచ్చేముందు మా అత్త నా ఒళ్లో పోసిన గింజలురా అవి" అంది.

ఆమె లేచి, కొట్టం వెనక్కి నడిచింది. వెనకే నేను. కాలితో చెత్తను పక్కకు తోసి, అట్లే నిలబడిపోయింది. దిబ్బ మీద, వేళ్లు పెట్టడానికి సందు లేకుండా, వంచిన మెడలు ఎత్తుకుంటూ లేత మొలకలు. కొన్నిటి నెత్తిన గింజ పొట్టు ఇంకా టోపీలా ఉంది. కొసన నల్లచుక్కతో సహా.

"అన్నీ లేచినాయే!" పెద్దమ్మ వంగి ఒక మొలకను వేలితో తాకింది. వెంటనే నా వైపు తిరిగింది. "మరి నీ పరీక్షలో ఎట్ల సచ్చినాయిరా?"

"తడిగుడ్డలో చుట్టి... ఆరిపోతాదని... మళ్లీ గాలి తీసి..."

ఆమె నన్ను పై నుంచి కిందికి చూసింది. "ఎండిన గింజ పండుకోనుంటాది, దానికి నీ సంచి చాలు. తడిసి లేచే గింజకు ఊపిరి వద్దంట్రా? చంపింది మిషన్ కాదప్పా, నీ తెలివి!"

గోడ మీద నుంచి మీసాలు పైకి లేచాయి. "నేను చెప్పలా? పసిబిడ్డలని!"

"నువ్వు గమ్మునుండన్నా, నీ మాట వినే వీడు ఇంత చేసింది" అని పెద్దమ్మ ఆయన్నూ వదలలేదు. (బడిలో ఇదంతా ఏదో పాఠంలో ఉండేదట. ఆ రోజు నేను మామిడితోటలో ఉన్నట్టు గుర్తు.)

రెండు రోజులు వంచిన నడుము ఎత్తకుండా ఆ మొలకలను మట్టిగడ్డలతో సహా పెళ్లగించి రాగిచేలో నాటాను. కొన్ని వాడిపోయాయి, చాలా వరకు బతికాయి. విత్తనానికని గిన్నెలు పట్టుకొచ్చిన ఐదిళ్లవాళ్లకు పెద్దమ్మ తట్టలో మొలకలు పెట్టి ఇస్తోంది. ఒకామె ఆశ్చర్యపోయి, "ఇదేందమ్మా, ఎప్పుడూ గింజే కదా ఇచ్చేది?" అంటే, పెద్దమ్మ నా వైపు చూడకుండానే, "మావోడు ఈ ఏడు ముందే మొలిపించినాడు. హోసూరులో చూసొచ్చినాడంట, కొత్త పద్ధతి" అంది. నేను తల వంచుకుని ఇంకో మొలక పెకలించాను.

ఇప్పుడు కృష్ణగిరి బస్టాండుకు దగ్గర్లో నాకే చిన్న ప్యాకింగ్ అంగడి ఉంది. మామిడితాండ్ర నుంచి మందుల పొడి దాకా అందరి గాలీ తీస్తాను. ఏటా సంక్రాంతి దాటాక పెద్దమ్మ అనపవిత్తనాలను బూడిదతో కుండకెత్తుతుంది. ఒక్క దోసెడు మాత్రం గుడ్డలో కట్టి నాకు పంపిస్తుంది, "నీ మిషన్‌కూ ఆశ ఉంటాది కదా" అని. నేను తలుపు దగ్గరగా వేసి, గింజ గింజకూ కొసన నల్లచుక్క ఉందో లేదో చూసి, సంచిలో పోస్తాను. మిషన్ మూత వేసే ముందు మాత్రం, గిరాకీ ఎవరూ లేరని ఒకసారి అటూ ఇటూ చూసుకుని, వాటికి మెల్లిగా చెబుతాను: "పండుకోండప్పా. ఆషాఢంలో లేపుతా."