మా ఆయన తెల్ల చొక్కాలు

మా ఆయన వగ్దీకి మనుషుల మీద నమ్మకం లేదు. కైరోలో ముప్పై ఏళ్లుగా సినిమా సమీక్షలు రాస్తున్నాడు. పండక్కి ఎవరైనా బస్‌బూసా డబ్బా పంపితే మూత కూడా తియ్యనివ్వడు. "ఈ మిఠాయి ఏ సినిమా తాలూకు?" అంటాడు. ఒకసారి మా మేనత్త పంపిన డబ్బా కూడా తిప్పి పంపాడు. ఆమె ఇప్పటికీ నాతో మాట్లాడదు.

అలాంటివాణ్ణి విమర్శకుల సంఘం వాళ్లు ఆ ఏడు ఉత్తమ ఛాయాగ్రహణం అవార్డు కమిటీకి పెద్దగా కూర్చోబెట్టారు. కమిటీలో ముగ్గురు: ఈయన, కమీల్, రతీబా గారు. మొదటి రోజే ఈయన ఒక నియమం పెట్టించాడు. సంతకాలయ్యాక ముగ్గురూ ఒప్పుకుంటే తప్ప ఫలితం మార్చకూడదు. ఆ తర్వాత ఎవరినైనా కొనేస్తారని ఈయన అనుమానం.

చివరికి రెండు సినిమాలు మిగిలాయి. ఒకటి ఎడారి ఎండలో తీసింది. రెండోదానికి తహానీ అనే అమ్మాయి చలికాలపు అలెగ్జాండ్రియాలో కెమెరా పట్టింది. ఆమెకదే మొదటి సినిమా. అందులో సముద్రం మీద తెల్లవారుతుంటే కనిపించే నీలాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఈయన మాత్రం మండిపడుతూ ఇంటికొచ్చాడు.

"నీలమట, నీలం! బురదనీళ్లలా ఉంది. అందరూ ఒకే పాట పాడుతున్నారంటే ఎవరో పాడిస్తున్నట్టే."

"మీకొక్కరికే కనపడలేదేమో."

"నువ్వు కూడానా? నీకెవరు చెప్పారు?"

అదే వారం వీధిలో ఇస్త్రీ కొట్టు ఫత్‌హీ బాబాయ్ మీద పడ్డాడు.

"తెల్ల చొక్కాలిస్తే పసుపు చొక్కాలిస్తావేమయ్యా? నావి ఎవడికి అమ్ముకుంటున్నావు?"

"అల్లా సాక్షి, ఉస్తాజ్! కాలరు లోపల అమ్మగారు కుట్టిన గుర్తు చూసుకోండి."

"గుర్తు ఎవడైనా కుడతాడు."

చొక్కాలు ఇంటికి తెచ్చి వెలుతుర్లో చూశాను. పాలలా ఉన్నాయి. అప్పుడు మొదటిసారి నాకూ అనుమానం వచ్చింది. అది ఫత్‌హీ మీద కాదు, మా ఆయన కళ్ల మీద.

ఈలోగా ఓట్లు అయిపోయాయి. కమీల్ ఎడారి సినిమాకి వేశాడు, రతీబా గారు తహానీకి వేశారు. మా ఆయన ఓటు ఎడారికే పడింది. సంతకాలయ్యాయి. ప్రకటనకింకా మూడు వారాలుంది.

కంటి డాక్టరు దగ్గరికి బతిమాలి, చివరికి అరిచి తీసుకెళ్లాను. "ఆ డాక్టరు నీకెంత ఇస్తానన్నాడు?" అన్నాడు దారిలో. రెండు కళ్లలోనూ శుక్లాలు. ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు.

కట్టు విప్పిన రోజు తొడుక్కోమని చొక్కా ఇచ్చాను. ఎడమకన్ను మూసి చూశాడు. కుడికన్ను మూసి చూశాడు. మళ్లీ చూశాడు.

"పాపం, ఫత్‌హీ," అన్నాడు. చొక్కా పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. "సనియ్యా, మరి ఆ అమ్మాయి సముద్రం?"

నాలుగు రోజులాగి ఎడమకంటికి రుమాలు కట్టుకుని ఆ సినిమా మళ్లీ చూసొచ్చాడు. "నీలంగానే ఉంది," అని ఏడ్చాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఏడవగా నేను చూడలేదు. కోపమంతా పోయి జాలేసింది.

మర్నాడు కమిటీని పిలిచి ఓటు మార్చుకుంటానన్నాడు. రతీబా గారు వెంటనే సరేనన్నారు. కమీల్ మాత్రం నవ్వాడట.

"కన్ను బాగైందా, చెయ్యి తడిసిందా ఉస్తాజ్?"

ఈయన డాక్టరు కాగితం చూపించాడు.

"ఇలాంటి డాక్టరు కాగితాలు కావలసినన్ని కొనుక్కోవచ్చని ఒకప్పుడు మీరే కదా రాశారు? నియమం కూడా మీదే. నేనొప్పుకోను."

అవార్డు ఎడారికి వెళ్లింది. తర్వాతి వారం మా ఆయన తన శీర్షికలో ఉన్నదున్నట్టు రాసేశాడు. శుక్లాల సంగతి, చొక్కాల సంగతి, తన ఓటు సంగతి. సినిమా విమర్శకుడు తనకు కళ్లు కనపడలేదని అచ్చులో ఒప్పుకోవడమంటే మాటలా? నాకు గర్వమేసింది.

అది అచ్చయిన పొద్దున్నే ఫోన్ మోగింది. తహానీ.

"ఉస్తాజ్, ఇది మీచేత ఎవరు రాయించారు? నన్నిరికించడానికా?"

మా ఆయన ఫోన్ నా చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పు. ఆ పిల్ల స్థానంలో ఉంటే నేనూ నమ్మను."

ఫత్‌హీ బాబాయ్ దగ్గర మొదలుపెట్టి రుమాలు కట్టుకుని సినిమాకెళ్లిందాకా అంతా చెప్పాను. ఆ పిల్ల అడ్డం రాకుండా వింది.

"మీ మాట నమ్ముతున్నాను పిన్నిగారూ," అంది. "మరి నా అవార్డు?"

నేను మా ఆయన వంక చూశాను. ఆయన రెండు కళ్లూ మూసుకుని కూర్చున్నాడు.