మైనం మీద గాంధారం

వర్జీనియాలో, షాంటిలీలోని మా అమ్మాయి ఇంట్లో మొన్న ఆదివారం పొద్దున, కాఫీ గ్లాసు పట్టుకుని, ఒకప్పటి మా పొరుగావిడ పాడిన పాత రికార్డు ఒకటి వింటూ కూర్చున్నాను. మా మనవరాలు తన గిటారు శ్రుతి చూసుకునే ఫోను తెచ్చి స్పీకరు పక్కన పెట్టింది. ఆ ఫోనులో ఒక ముల్లు ఉంటుంది. స్వరం సరిగ్గా పలికితే పచ్చగా నిలబడుతుంది, తేడా వస్తే ఎర్రబడి పక్కకి వాలుతుంది. పాట నడుస్తున్నంతసేపూ అది బుద్ధిగా పచ్చగానే ఉండి, ఒక్క స్వరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎర్రబడి, నిలకడ లేకుండా అటూ ఇటూ ఊగిసలాడింది. "తాతయ్యా, షీ ఈజ్ అవుట్ ఆఫ్ ట్యూన్. చూడు, ఎవ్రీ టైమ్ అక్కడే రెడ్ వస్తుంది," అంది పిల్ల, దొంగని పట్టుకున్నంత సంబరంగా. నేను నవ్వాను. ఆ ఒక్క స్వరాన్ని పట్టుకోవడానికి నలుగురం కలిసి ఎంత తంటాలు పడ్డామో, అది దొరికిన రోజున నా లెక్కలన్నీ ఎలా మూగబోయాయో, ఆ వయసు పిల్లకి చెప్పడం కష్టం. మన తరం వాళ్లకైతే చెప్పవచ్చు.

ఆవిడ పాట నేను మొదట విన్నది డెబ్బై తొమ్మిదిలో, వెస్ట్ వర్జీనియా కొండల్లో. అప్పట్లో ఆ బొగ్గుగనుల ఊళ్లకి డాక్టర్లుగా మనవాళ్లు చాలామందే వెళ్లారు. మా బావ వాళ్లలో ఒకడు, అక్కాబావల వెనక చేరినవాణ్ణి నేను. నాకు చదువు ఇంటరు దగ్గరే ఆగిపోయింది కానీ లెక్కల పిచ్చి మాత్రం ఆగలేదు. బొబ్బిలి సంతలో కొనుక్కున్న అట్ట ఊడిన లాగరిథమ్ పట్టికల పుస్తకం నాతో పాటు సముద్రం దాటి వచ్చింది. దాని పుణ్యమా అని ఆ ఊళ్లో ఒక వడ్రంగి పనివాడి దగ్గర నాకు పని దొరికింది. ఆయన చేసేది కుర్చీలూ బల్లలూ కాదు, డల్సిమర్లు. డల్సిమర్ అంటే ఆ కొండల వాయిద్యం. చూడటానికి సన్నని చెక్క పెట్టె, ఒడిలో అడ్డంగా పెట్టుకుని మీటుతారు, మన వీణకి వేలు విడిచిన చెల్లెలనుకోండి. దానికీ వీణకి ఉన్నట్టే మెట్లు ఉంటాయి. తీగ పొడవులో పద్దెనిమిదో వంతు దగ్గర ఒక గుర్తు, మిగిలిన పొడవులో మళ్లీ పద్దెనిమిదో వంతు దగ్గర మరొకటి, అలా పెట్టుకుంటూ పోయి వాటిలో కావలసిన చోట్ల మెట్లు దిగ్గొట్టడమే నా పని. ప్రపంచంలోని సంగీతమంతా ఒక్క భిన్నంలో ఇమిడిపోయిందని తెలిసిన రోజున నేను పొందిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఆవిడ మా పక్కింటావిడ. ముప్పై దాటిన మనిషి. నాన్న గనిలో పనిచేసి పోయాడు, ముసలి తల్లితో ఉండేది. తెల్లవారుఝామున స్థానిక రేడియోలో పాడిపంటల కబుర్లకీ వాతావరణానికీ మధ్య రెండు పాటలు పాడేది, సొంతంగా రాసుకున్నవే. వాళ్లు వాటిని కంట్రీ అనీ ఫోక్ అనీ విడదీసి మాట్లాడుకునేవారు కానీ నాకు ఆ తేడా ఎన్నడూ అర్థం కాలేదు. చాకలి మిషన్ల దుకాణంలో బట్టలు ఆరేదాకా కూర్చున్న ఆడవాళ్ల మీద ఒక పాట, నాన్న చేతి క్యారేజీ మీద ఒక పాట, వాన వస్తే ఇంట్లోకి వచ్చే వాగు మీద ఒక పాట. ఒడిలో తాత చేసిచ్చిన డల్సిమర్. ఒక సాయంత్రం వాళ్ల వసారాలో ఆవిడ పాడుతూంటే మా పెరట్లో నిలబడి విన్నాను. పాటలో ఒకచోట గాంధారం వస్తుంది. అది చిన్న గాంధారం కాదు, పెద్ద గాంధారమూ కాదు, రెంటికీ మధ్య ఎక్కడో నా పద్దెనిమిదో వంతుకి అందకుండా నిలబడి, వినేవాళ్ల వెన్నులో చల్లగా పాకింది. వంటింట్లోంచి అట్లకాడతో సహా బయటికి వచ్చేసిన మా అక్క, "ఏటిరా అది! దొరసాని గొంతులో ఆ గాంధారం ఎవరు పెట్టార్రా!" అంది.

అక్క గాంధారాల సంగతి తెలిసిన మనిషే. బొబ్బిలి నుంచి తన వీణని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని విమానంలో తెచ్చుకుంది. మొదటి చలికాలం హీటరు పొడిగాలికి దాని మైనం బీటలు తీసి మెట్లు ఊడి వచ్చాయి. వీణ మెట్లని మేకులతో కొట్టరు; తేనెమైనంలో గుగ్గిలం, మసి కలిపి, ఆ మైనం మీద నిలబెట్టి, చెవికి నచ్చేదాకా అటూ ఇటూ జరిపి మేళం కడతారు. నేను పట్టికలు చూసి, స్కేలు పెట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా మెట్లు పేర్చి ఇచ్చాను. అక్క ఒకసారి మీటి, "ఇది వీణా, వెదురుబద్దా? తీసెయ్యి," అంది. తర్వాత తను వింటూ, "ఇంకాస్త, ఇంకాస్త, ఆఁ, వెనక్కి," అంటూ ఉంటే నేను వేలితో ఒక్కొక్క మెట్టూ జరుపుతూ కూర్చోవలసి వచ్చింది. అప్పటికి దాన్ని నేను అక్క చాదస్తం కిందే జమకట్టుకున్నాను.

ఇంతలో పక్కింటావిడకి దశ తిరిగినట్టే కనిపించింది. నగరంలోని ఒక రికార్డుల కంపెనీ ఆవిణ్ణి పిలిపించుకుంది. ఊరంతా రేడియో ముందు కూర్చుని ఆ రికార్డు వింటే, గొంతు ఆవిడదే కానీ ఒళ్లో ఉండవలసిన డల్సిమర్ లేదు, దాని బదులు ఓ పాతిక వయొలిన్లు ఏడుస్తున్నాయి. వాగు పాటలో వాగు తప్ప అన్నీ ఉన్నాయి. అది కొంతకాలం నడిచింది, రెండోది నడవలేదు. ఎనభైల మధ్యకి వచ్చేసరికి రేడియోలో కరెంటు డప్పుల మోత మొదలై ఆవిడలాంటి వాళ్లకి చోటు లేకుండా పోయింది. ఆవిడ స్కూల్లో పిల్లలకి అన్నం వడ్డించే ఉద్యోగంలో చేరి, శనాదివారాలు సంతల్లోనూ చర్చిల్లోనూ పాడుకునేది. ఒక్కనాడూ మొహం చిన్నబుచ్చుకోగా చూడలేదు. జనం నలుగురున్నా నాలుగు వందలున్నా అదే జుట్టుముడి, అదే ఉతికిన గౌను, పాట పాటకీ అంతే శ్రద్ధ.

అప్పుడు వచ్చింది అసలు పిలుపు. పాత పాటల మీద మమకారం ఉన్న ఒక చిన్న సంస్థవాళ్లు, మీ ఊరి చర్చిలోనే కూర్చోండి, మీ గొంతూ మీ డల్సిమరూ చాలు, మేమే వచ్చి రికార్డు చేసుకుంటామన్నారు. ఆవిడ బతుకంతా ఎదురుచూసిన మాట అది. ఆ మాట వచ్చిన నెలలోనే వాగు పొంగింది. నీళ్లు తీశాక చూస్తే తాత చేసిన డల్సిమర్ జిగురంతా వదిలి విప్పిన విస్తరిలా పడి ఉంది. మెట్లున్న పట్టీ వంకరలు తిరిగి, తీగ మెట్లు కొన్ని ఊడి కొట్టుకుపోయాయి. ఏ మెట్టు ఎక్కడుండేదో చెప్పడానికి ఆధారం లేదు. రేడియో పాటలు ఎవరూ దాచలేదు, కంపెనీ రికార్డులో ఆ వాయిద్యమే లేదు.

మా యజమాని పాత చెక్కలో పనికొచ్చినంత వాడి కొత్తది చేశాడు. మెట్లు నేను పెట్టాను, నా జీవితంలో అంత జాగ్రత్తగా మరే పనీ చేయలేదు. ఆవిడ వచ్చి, ఒళ్లో పెట్టుకుని, వాగు పాట ఎత్తుకుని, గాంధారం దగ్గర ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ అక్కడే ఆగింది. వాయిద్యాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టి, "బాగుంది హనీ, షోకేసులో పెట్టుకోవచ్చు," అంది. నవ్వుతూనే అంది కానీ మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. రికార్డు వాళ్లకి రావద్దని ఫోను చేస్తానని, ఈ పాటలన్నీ ఆ ఒక్క మెట్టు మీద కట్టుకున్నవని, అది లేకుండా పాడితే వయొలిన్లతో పాడినదానికి దీనికి తేడా ఉండదని చెప్పి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ఈ సంగతంతా చెబితే అక్క నా వంక జాలిగా చూసింది. "మేకులు కొట్టీసి పాట రమ్మంటే ఎలా వస్తాదిరా? మేళం కట్టు. ఆవిణ్ణే జరుపుకోనీ," అంది. ఇంత చిన్న మాట నాకు తట్టలేదు. తేనెటీగలు పెంచే రైతు దగ్గర మైనం దొరికింది, గుగ్గిలం దొరకక ఫిడేలు కమానుకి పూసే రోజనం వేశాం, మసి మాత్రం అక్క దేవుడి దీపం మీద పట్టి ఇచ్చింది. మా యజమాని మెట్లన్నీ పీకి కొత్త పట్టీ వేసి ఇచ్చి, వాయిద్యాల చరిత్రలో ఇలాంటి నల్లపాకం ఎవడూ పూసి ఉండడని గొణుక్కుంటూ, పని దగ్గర్నుంచి కదలకుండా నిలబడి చూశాడు.

శనివారం మధ్యాహ్నం వాళ్ల వసారాలో కూర్చున్నాం. ఆవిడ మీటుతుంది, తల అడ్డంగా ఊపుతుంది, నేను మైనం వెచ్చచేసి తీగమెట్టుని వేలిగోటితో జరుపుతాను, మళ్లీ మీటుతుంది. గాంధారం దగ్గర చాలాసేపు పట్టింది. ఒక క్షణాన ఆవిడ మీటింది, మీటి కళ్లు మూసుకుంది. వాగు పాట మొదటి నుంచి చివరిదాకా పాడింది. తీగ పొడవు నాకు తెలుసు, మెట్టు దూరం కళ్లముందే ఉంది, భాగిస్తే వచ్చే అంకె కూడా తెలుసు; ఆ అంకెకీ నా వెన్నులో పాకిన చలికీ మధ్య ఏ సంబంధమూ కనిపించలేదు.

అప్పటిదాకా ఉయ్యాల కుర్చీలో ఉన్న ఆవిడ తల్లి లేచి వచ్చింది. పూర్తిగా చెవుడు, పాట వినాలంటే ఆ తల్లికి ఒకటే దారి. డల్సిమర్ని బల్ల మీద పెట్టించి, వంగి, దవడ ఎముకని తీగలు బిగించే బిరడాల దగ్గర చెక్కకి ఆనించి, కూతుర్ని మీటమంది. చెక్కలోంచి ఎముకలోకి స్వరం వెళుతున్నప్పుడు ఆ ముడతల మొహం మారిన తీరు నేను మాటల్లో పెట్టలేను. గాంధారం దగ్గర మాత్రం కనుబొమలు ముడిచింది. చెవిటివాళ్లకి ఉండే పెద్ద గొంతుతో, "నువ్వెప్పుడూ ఇంతే! తొందరపడి పైకెక్కేస్తావు," అని కసిరి, స్వరం కాస్త దిగేలా బొటనవేలి గోటితో మెట్టుని బిరడాల వైపు ఒక వీసం జరిపి, మీటించుకుని, హాయిగా కళ్లు మూసుకుంది. కూతురు ఆ చోట పాడబోయి పాడలేక పకపకా నవ్వేసింది. అది నీ చోటమ్మా, నాది కాదు అని చేతులతో చెప్పింది. తల్లి తన కుర్చీ వైపు నడుస్తూ, "నా వయసు రానీ, నువ్వే దిగి వస్తావులే," అంది.

ఆ క్షణందాకా ఆవిడ వెతుక్కున్నది తాత పెట్టిన మెట్టుని. ఇప్పుడు తను ఆగిన చోటు తాతదీ కాదు, అమ్మదీ కాదు, తనదేనని ఆ నవ్వులో తెలిసినట్టుంది. మెట్టుని మళ్లీ తన చోటికి జరిపించుకుని, రికార్డు వాళ్లని రమ్మంది. ఇక మేకులు కొట్టేయనా అని నేను అడిగితే మాత్రం ఒప్పుకోలేదు. రికార్డింగు మైనం మీదే జరిగింది. చర్చి కిటికీలోంచి ఎండ పడకుండా మా యజమాని తన కోటు అడ్డం పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రికార్డు ఆవిణ్ణి గొప్పదాన్ని చేయలేదు. కానీ దాని మూలంగా ఎక్కడెక్కడి జానపద ఉత్సవాలకో పిలుపులు వచ్చాయి, స్కూల్లో వడ్డన చేస్తూనే వెళ్లి వచ్చేది. ఒక కొత్త పాట రాసినప్పుడల్లా మా వాకిట్లో నిలబడి ముందు మా అక్కకి వినిపించేది. అక్క తల ఊపితేనే బయట పాడేది. మరుసటి చలికాలం ఆ తల్లి పోయింది.

వేసవి వేసవికీ మైనం మెత్తబడేది, నేను మేళం కట్టేవాణ్ణి. వర్జీనియా వచ్చేశాక కూడా కారేసుకుని వెళ్లేవాణ్ణి. నాకున్న లెక్కల జబ్బు మీకు తెలిసిందే కనుక, వసారాలో మేళం కట్టిన ఆ మొదటి శనివారమే ఒక మేపుల్ చెక్క బద్ద మీద తల్లి గోరు నిలిచిన చోటూ కూతురు ఆగిన చోటూ గుర్తు పెట్టుకున్నాను, ఆపైన ప్రతిసారీ గాంధారం ఎక్కడ నిలిచిందో దాని మీదే గీసేవాణ్ణి. సూత్రం దొరుకుతుందేమోనని ఆశ. దొరకలేదు. దొరికింది ఇంకొకటి: గీతలు ఏటికేడు బిరడాల వైపు పాకుతున్నాయి. ఆవిడకి ఆ సంగతి తెలియదు, తన చెవికి నచ్చిన చోట ఆపమనేది, అంతే. ఆవిడ జుట్టు పూర్తిగా నెరిసిన తర్వాత ఒక వేసవిలో బద్ద ఆనించి చూస్తే ఆ ఏటి గీత వచ్చి సరిగ్గా తల్లి గోటి గుర్తు మీద పడింది. నేను బద్దని ఆవిడ చేతికిచ్చి వేలితో చూపించాను. గీతల మీద వేలు పోనిచ్చి, "గెలిచింది చూశావా, ముసలిది!" అని నవ్వి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

అవేవీ మా మనవరాలికి చెప్పలేదు. రికార్డు రెండోవైపు తిప్పి పెట్టాను, పిల్ల ఫోను తీసుకుని తన గిటారు దగ్గరికి పోయింది. దాని గిటారు మెట్లు ఉక్కువి, నేను నేర్చుకున్న లెక్క ప్రకారమే, నా చేతికన్నా ఎన్నో రెట్లు నికరంగా యంత్రం కోసి దింపినవి. ముల్లు పచ్చగా నిలబడుతుంది. దాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు, ఒకప్పుడు నేను కలగన్నదీ అదే. ఎప్పుడో ఒకనాడు, వయసు మీద పడ్డాక, ఈ పిల్లకీ దిగి రావాలనిపిస్తే జరుపుకోవడానికి మైనం ఉండదు కదా అని మాత్రం, బీరువాలోంచి ఆ బద్ద తీసి చూసుకున్నప్పుడల్లా, దిగులుగా ఉంటుంది.