"ఇంట్ల ఎవరున్నరు?"

మా చిన్నప్పుడు హుస్సేనీ ఆలంలో మా ఇంటి దర్వాజ తట్టేవాళ్ళు తక్కువ... గల్లీలో నిలబడి "ఇంట్ల ఎవరున్నరు?" అని కేకేసేవారు. లోపల అమ్మ ఉండేది, నాయనమ్మ ఉండేది, నేనుండేదాన్ని. అయినా అమ్మ తెర వెనక నుంచి మెల్లగా బదులిచ్చేది... "ఎవరు లేరు."

అది అబద్ధమని ఎవరూ అనుకునేవారు కాదు. మగవాళ్ళు లేరని దాని అర్థం. అడిగినవారికీ తెలుసు, చెప్పినవారికీ తెలుసు.

మాది పాల వ్యాపారం. మా నాన్న, బాపు అనేవాళ్ళం, పొద్దున్నే చార్మినార్ దిక్కు హోటళ్ళకు పాలు పోసి, అటు నుంచి అటే గడ్డి కొనడానికి పోతే పొద్దుగూకాకే ఇల్లు చేరేది. బర్రెలకు కుడితి పెట్టడం, పాలు పిండడం, పిడకలు కొట్టడం అంతా అమ్మే. సందె దీపం పెట్టేటప్పుడు దేవుని గూటి ముందు చేతులు జోడించి "నేనే తండ్రీ... వచ్చిన" అనేది. దేవుని ముందు ఉన్న మనిషి గడప దగ్గర ఎందుకు లేదో నాకు అప్పుడు తట్టలేదు.

నాకు ఏడెనిమిదేళ్ళుంటాయి. వినాయక చవితి దగ్గరపడుతోంది. ఒక రోజు మధ్యాహ్నం సన్నగా ముసురు పట్టి ఉంది. ఎవరో పిలిచారు.

"ఇంట్ల ఎవరున్నరు?"

అమ్మ చేతులు కుడితి గోలెంలో ఉన్నాయి. లేచి, కొంగు సర్దుకుని తెర దాకా వచ్చింది. "ఎవరు లేరు."

"పెద్దమనిషి ఎప్పుడొస్తడమ్మా?"

"పొద్దుగూకినంక."

అతను మంచినీళ్ళు అడిగితే నేను చెంబు తీసుకుపోయి ఇచ్చాను. తాగి, వచ్చిన పని చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

చెంబు అమ్మ చేతికిచ్చాను. దాని మీద మట్టి వేళ్ళ గుర్తులు. "ఆయనకు మోచేతుల దాక మట్టే ఉందమ్మా" అన్నాను.

అమ్మ ముఖం మారిపోయింది. అమ్మ పుట్టిల్లు ధూల్‌పేట్. చవితి ముందు అక్కడ ఏ ఇంట్లో చూసినా వినాయకుణ్ణి చేసే మట్టే. చేతులైనా కడుక్కోకుండా మనిషి వచ్చాడంటే... మా అమ్మమ్మ అప్పటికి చాలా రోజులుగా మంచం మీద ఉంది.

అమ్మ దర్వాజ దాకా ఉరికింది. గడప దగ్గర ఆగిపోయింది. ఆడమనిషి గల్లీలోకి గొంతెత్తి పిలవకూడదు. "ఉరుకు బిడ్డా, ఆపు ఆయనను" అని నన్ను పంపింది. మూల దాకా ఉరికాను... ఎవరూ కనబడలేదు.

"అత్తమ్మా, నేను పోయి చూసొస్త" అంది అమ్మ.

"మొగోణ్ణి రానీయె" అంది నాయనమ్మ. "ఆడిదానివి, ఒక్కదానివి యాడికి పోతవ్? ఉట్టిగ ఫికర్ జేయకు."

ధూల్‌పేట్ ఎంత దూరమని... కాచిన పాలు చల్లారేలోపు నడిచి చేరే దూరం. అమ్మ ఆ మధ్యాహ్నమంతా గడప లోపలే నిలబడింది.

పొద్దుగూకాక బాపు వచ్చాడు. ఆ మనిషి ఊరంతా వెతికి బాపును ఎక్కడో గడ్డి బండ్ల దగ్గర పట్టుకున్నాడట. మేము పోయేసరికి అమ్మమ్మను కింద పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టారు.

"నిన్నే అడుగుకుంట అడుగుకుంట పోయిందే చెల్లే" అన్నాడు మా మేనమామ. "పగటీలే మనిషిని తోలితి గద. గింత ఆలస్యమేంది?"

ఆ మట్టి చేతుల మనిషి గోడ వారన నిలబడి ఉన్నాడు. "పోయినన్నా. ఇంట్ల ఎవరు లేకుండిరి. ఆడోళ్ళే ఉండిరి. గసొంటి మాట ఆడోళ్ళకు ఎట్ల చెప్తమని బావను ఎతుక్కుంట పోయిన."

మామ తల ఊపాడు. అక్కడున్న ఎవరికీ అందులో తప్పు కనబడలేదు.

"గా ఆడోళ్ళల్ల నేనే ఉంటి అన్నా" అంది అమ్మ. తల ఎత్తలేదు. అమ్మమ్మ పాదాలతో చెప్పినట్టు చెప్పింది.

మామ కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బాపు నేల చూపులు చూశాడు. ఆ మనిషి తన చేతులు వెనక్కి దాచుకున్నాడు. ఎందుకో తెలియదు, నాకూ అక్కడ నిలబడాలంటే సిగ్గేసింది...

కర్మలన్నీ అయిపోయాక ఒకరోజు గడ్డి అమ్మే అతను వచ్చి కేకేశాడు. "ఇంట్ల ఎవరున్నరు?"

అమ్మ తెర పక్కకు జరిపింది. "నేనున్న. చెప్పు."

"ఏందే, మొగరాయుని తీర్గ గా జవాబు?" అంది నాయనమ్మ.

"ఉన్న గద అత్తమ్మా" అంది అమ్మ. అంతే.

గల్లీలో పిల్లలకు అదొక ఆట అయింది. "మీ ఇంట్ల మొగోడు ఎవరే? మీ బాపా, మీ అమ్మనా?" అని నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకసారి ఏడుస్తూ వచ్చి, "అందరమ్మల తీర్గ ఎవరు లేరని చెప్పరాదే?" అన్నాను. అమ్మ కోప్పడలేదు. నా నెత్తి నిమిరి, "గా మాట ఇంక నా నోట్ల రాదు బిడ్డా" అంది.

ఇప్పుడు నాకు యాభై. మా తలుపుకు గంట ఉంది. గంట ఎవరినీ ఏమీ అడగదు... ఇంట్లో ఉన్నది ఆడా మగా దానికి పట్టదు. అయినా మొన్న మా ఆయన లేనప్పుడు ఎవరో వస్తే, తలుపు ఓరగా తీసి నేనన్న మాట... "ఎవరూ లేరండీ, సాయంత్రం రండి."

తలుపేసుకుని వచ్చి సందె దీపం వెలిగించాను. రోజూ అమ్మలాగే "నేనే తండ్రీ, వచ్చిన" అనుకుంటాను. ఆ సాయంత్రం ఆ మాట అనడానికి నోరు రాలేదు.

మీ ఇళ్ళల్లో గడప దగ్గర అమ్మలు ఏమని బదులిచ్చేవారు... "నేనున్న" అన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. వినాలని ఉంది.