కిష్టయ్య దుకాణంలో ఏదీ పనిచేయదు

గట్టు ఊళ్లో కిష్టయ్య దుకాణానికి పోయి, ఏదో ఒక పని చేయకుండా బయటపడ్డవాళ్లు లేరు. పేరుకు జిరాక్స్, నెట్ సెంటర్. లోపల చూస్తే తిరగని ఫ్యాను, వరుస తప్పిన కాగితాలు, వాడిపోయే మొక్కలు. డిగ్రీ దరఖాస్తు నింపించుకుందామని వచ్చిన పిల్లల చేతిలో ఏదో ఒకటి పెట్టి, "జర సూడు బిడ్డా, నాకైతే తెల్వదు" అంటాడు.

నిరుడు ఒక పిల్లవాడు ఫ్యాను బాగుచేసి పోతే వారం తిరక్కముందే మళ్లీ ఆగింది. ఇంత అధ్వాన్నపు దుకాణం జిల్లాలోనే లేదని ఊరంతా నవ్వుకుంటుంది. కిష్టయ్య కూడా వాళ్లతో కలిసి నవ్వుతాడు.

ఇంటర్ బైపీసీ పాసైన ఎస్తేరుకు మాత్రం నవ్వొచ్చే పరిస్థితి లేదు. డిగ్రీకి కాలేజీ, కోర్సు ఆప్షన్లు పెట్టడానికి మూడు రోజులే గడువు. ఏం చదవాలో ముందే తేల్చుకుంది: బీకాం. ఎందుకంటే స్నేహితురాలు సింధూజ పెట్టేది బీకాం, వాడలో ఇంకో ఐదుగురు పెట్టేదీ బీకాం. ఏడుగురైతే గద్వాలకు ఒక ఆటో నిండుతుంది. అంకెలు చూస్తే ఎస్తేరుకు తల తిరుగుతుంది, కానీ ఆటో దొరకడం మాటలా? హైదరాబాదులో మేస్త్రీ పనిలో ఉన్న తండ్రి మాసయ్య ఫోన్లో ఒక్కటే చెప్పాడు. "మూడేండ్లు సదివిస్త. నడిమిట్ల ఇది గాదు, అది అంటే నాతోని గాదు."

మొదటి రోజు కిష్టయ్య కాగితాల కట్ట ఇచ్చి వరుస పెట్టమన్నాడు. సగంలోనే ఎస్తేరుకు కునుకు పట్టింది. రెండో రోజు బాగుచేయమని స్టేప్లర్ ఇస్తే అది నిజంగానే విరిగిపోయింది. రెండు రోజులూ సర్వర్ పనిచేస్తలేదని ఇంటికి పంపాడు. పిల్ల పరేషాన్ అయింది.

మూడో రోజు గడప పక్కన పెయింటు డబ్బాలో ఉన్న నిమ్మమొక్కను చూపించాడు. ఆకులు పసుపెక్కాయి. విత్తన పత్తి చేన్లలో ఏండ్ల తరబడి పూలకు చేత్తో పుప్పొడి అంటించే క్రాసింగ్ పని చేసిన పిల్ల ఎస్తేరు. ఆకు తిప్పి చూసింది. మన్ను వేలితో తీసి వాసన చూసింది. బయట నుంచి సింధూజ రెండుసార్లు పిలిచినా వినిపించలేదు.

"కాకా, నీళ్లు ఎక్కువైనయ్. పోయే తొవ్వ లేదు. ఏర్లు కుళ్లుతున్నయ్."

"నీకెట్ల తెలిసె?"

"సూస్తే తెలుస్తది గద."

"నేను రోజూ సూస్తుంటి, నాకు తెల్వలేదు" అని కిష్టయ్య కంప్యూటర్ ముందుకు జరిగాడు. సింధూజ వాళ్లు అనుకున్న గద్వాల కాలేజీలోనే బోటనీతో బీఎస్సీ కూడా ఉందట. ఆటో ఆగేది ఆ గేటు ముందే. "ఏది కొట్టాలె? నువ్వే చెప్పు బిడ్డా."

బీకాం అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "బీఎస్సీ" అంది ఎస్తేరు. ఎక్కడ వినలేదో అని మళ్లీ అంది. సర్వర్ అప్పటికప్పుడే బాగైంది.

పోయేముందు నీళ్లకు ఓ దారి చూపిద్దామని డబ్బా వంచింది. అడుగున తూటుకు జిరాక్స్ కాగితం నాలుగు మడతలు పెట్టి ఎవరో గట్టిగా కుక్కారు. తలెత్తి చూస్తే కిష్టయ్య ప్రింటర్‌ను మహా శ్రద్ధగా తుడుస్తున్నాడు. తిరగని ఫ్యాను, వరుస తప్పిన కాగితాలు, పనిచేయని సర్వర్ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ఎస్తేరుకు పట్టరాని నవ్వొచ్చింది, ఆ ముసలాయన మీద అంతకు రెట్టింపు ప్రేమ పుట్టింది.

బయట తన వంతు కోసం నిలబడ్డ సింధూజ ఇంత ఆలస్యం ఏందని అడిగింది.

"ఏం లేదు" అంది ఎస్తేరు. "లోపల కాక ఏదో పని చెప్తడు. తిట్టుకోకుండ చెయ్."