భోక్తగారి బరువు

జోగారావుగారి వృత్తి తినడం. నేను వెక్కిరించడం లేదు. ఏలూరులో మా పక్క వాటాలో ఉండే ఆయన ముప్ఫై ఏళ్ళుగా తద్దినాలకి భోక్తగా వెళుతున్నారు. పోయినవాళ్ళ స్థానంలో కూర్చుని భోక్త తింటే ఆ తిండి వాళ్ళకి చేరుతుందని నమ్మకం. చివర్లో తద్దినం పెట్టే కర్త చేతులు జోడించి, తృప్తేనా అని అడుగుతాడు. తృప్తి అని భోక్త చెప్పాలి. కడుపు నిండకుండా లేచాడా, పోయినవాళ్ళు ఆకలితో వెళ్ళిపోయినట్టే. భార్య లేనివాణ్ణి భోక్తగా పిలవకూడదని పట్టింపు ఉంది గానీ, మనిషి దొరకడమే గగనమైపోయిన ఈ రోజుల్లో అలాంటి పట్టింపులన్నీ అటకెక్కాయి.

ఆయన భార్య కాంతంగారు పోయి మూడేళ్ళు. పిల్లల్లేరు. ఆవిడ పోయిననాడు ఆయన ఏడవలేదు, తరవాతా ఏడవలేదు. ఆకలేస్తోందా అంటే "తెలీదండీ" అనేవారు. కడుపు నిండిందా అన్నా అదే జవాబు. రాయిలాంటి మనిషని మా వీధిలో అనుకున్నారు. రాయి కాదు, మొద్దుబారిపోయారంతే. ఎవరు వడ్డిస్తే అది తిన్నారు, ఎంత వడ్డిస్తే అంత తిన్నారు. తొంభై ఆరు కిలోలకి చేరారు. మోకాళ్ళు పోయాయి.

బయట తద్దినాల్లో బల్ల వేసి వడ్డిస్తారు కాబట్టి గడిచిపోయేది. చిక్కు సొంత ఇంట్లో వచ్చింది. పోయిన రెండేళ్ళూ కాంతంగారి ఆబ్దికం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పెట్టారు. పిండం పెట్టబోతే చెయ్యి కిందికి అందలేదు. పురోహితుడే ఆయన చేతిలోంచి అందుకుని దర్భల మీద పెట్టాడు.

"ముప్ఫై ఆరేళ్ళు ఆవిడ నాకు పెట్టిందండీ. ఏడాదికోసారి నా చేత్తో నేను పెట్టలేకపోతున్నాను," అన్నారు నాతో.

ఆ మూడేళ్ళలో ఆయన నోట నేను విన్న కోరిక అదొక్కటే. ఈసారి కింద పీట మీద కూర్చోవాలి. ఎనిమిది కిలోలు తగ్గితే కూర్చోగలరని డాక్టరు చెప్పాడు. మూడు నెలల వ్యవధి ఉంది.

మా అమ్మాయి మేధ డైటీషియను. ఏం తినాలో కాగితం మీద రాసిచ్చింది. బరువు చూసే మెషీను మా ఇంట్లో ఉంది. పొద్దున్నే ఆయన వచ్చి ఎక్కేవారు, నేను కళ్ళజోడు పెట్టుకుని అంకె చదివేవాణ్ణి. మొలకలు, ఓట్సు, పచ్చి క్యారెట్టు. పప్పూ పులుసూ గడ్డపెరుగూ ఎరిగిన కడుపు అది, ఊరుకుంటుందా? వారం తిరక్కుండానే ఉబ్బరం, తేన్పులు, ఆపైన రెండు రోజులు విరేచనాలు. మూడోనాడు మెషీను రెండు కిలోలు తగ్గించి చూపించింది. నేను చప్పట్లు కొట్టాను. మేధ నన్ను కసిరింది.

"తగ్గింది కొవ్వు కాదు నాన్నా, ఒంట్లో నీళ్ళు. బాబాయిగారూ, ముందు ఓఆర్ఎస్ తాగండి. మొలకలు ఉడకబెట్టుకుని తినండి, మెల్లిగా పెంచుదాం. రోజూ బరువు చూడకండి, వారానికోసారి చాలు."

అన్నట్టే ఆ రెండు కిలోలూ రెండు రోజుల్లో తిరిగొచ్చేశాయి. ఆయన రోజూ ఎక్కడం మానలేదు, నేను చదవడం మానలేదు. మగవాళ్ళకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనంటుంది మా ఆవిడ. కాదని ఎలా అనను?

రెండున్నర నెలలకి ఏడు కిలోలు నిజంగానే తగ్గారు. ఆబ్దికం పది రోజులుందనగా గణపవరం నుంచి గోపీనాథ్ అనే టీచరుగారు ఫోను చేశారు. వాళ్ళమ్మ సూరమ్మగారి తద్దినం, భోక్త దొరకలేదట. నేనూ తోడు వెళ్ళాను. గారెలు, అల్లం పచ్చడి, పరమాన్నం, అన్నీ శ్రద్ధగా చేయించారు. జోగారావుగారు రెండు ముద్దలు తిని, సగం గారె తుంచుకుని, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇంకొక్క గారె వేయించుకోండి బాబుగారూ. మా అమ్మకి గారెలంటే ప్రాణమండీ," అన్నారు గోపీనాథ్‌గారు.

"చాలండీ. తృప్తి."

గోపీనాథ్‌గారు గారెల పళ్ళెం వెనక్కి తీసుకెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. బస్సెక్కాక అడిగేశాను. "తిననివారు రాననాలి గానీ, వచ్చి అబద్ధమాడతారేమండీ?"

ఆయన కిటికీలోంచి చేపల చెరువుల్ని చూస్తూ, "ఇప్పుడు పెరిగితే కింద కూర్చోలేనండీ," అన్నారు.

మర్నాడు మెషీను కిలో ఎక్కువ చూపించింది. మేధ నవ్వేసింది. "పచ్చడిలో ఉప్పుకి ఒంట్లో నీళ్ళు నిలుస్తాయి బాబాయిగారూ. మూడు రోజుల్లో పోతాయి. ఒక్కపూట కడుపునిండా తిన్నా ఇంతే, అదీ పోయేదే."

"అయితే ఆ సూరమ్మగారిని ఊరికే పస్తు పంపానన్నమాట," అన్నారాయన, ఎండ బాగా కాస్తోంది అన్నంత మామూలుగా.

ఆబ్దికం నాడు ఆయన కింద కూర్చున్నారు. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి నా భుజానికి ఆనించి, పళ్ళ బిగువున పీట మీదకి దిగారు. ఎంత వెతికినా తాడేపల్లిగూడెం నుంచి చిట్టిబాబు అనే కుర్రాడొక్కడే దొరికాడు భోక్తగా. ఇద్దరు భోక్తలుండాలి కాబట్టి రెండో స్థానంలో మనిషికి బదులు దర్భలే పెట్టారు. వంటంతా కాంతంగారికి ఇష్టమైనదే. చిట్టిబాబు మూడు ముద్దలు తిన్నాడు. గారె తుంచి వదిలేశాడు. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"తృప్తేనా అని అడగండి," అన్నాడు పురోహితుడు.

జోగారావుగారు అడగలేదు. "వంట బాలేదా నాయనా?" అన్నారు.

"బావుందండీ. నిన్నట్నుంచి నాకే కడుపు బాలేదు. ఎవరూ లేరన్నారని వచ్చానండీ. తృప్తేనండీ, కానివ్వండి."

జోగారావుగారు అందరి ముందూ, పీట మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలీదు. కాసేపటికి ఉత్తరీయంతో ముఖం తుడుచుకుని, చెయ్యి కడుక్కుని, మజ్జిగ గిన్నె తన దగ్గరికి జరపమన్నారు. అన్నం మెత్తగా పిసికి, మజ్జిగ పోసి కలిపి, ముందుకి వంగి, విస్తరిలో తన చేత్తో పెట్టారు.

"ఇది కడుపుకి ఏమీ చెయ్యదు. నీకెంత సేపు పడితే అంత సేపు తిను బాబూ," అన్నారు.

చిట్టిబాబు చెయ్యి తీసి, మెల్లిగా తినడం మొదలుపెట్టాడు. పురోహితుడికి ఇంకోచోట పనుంది. చేతి గడియారం చూసుకుని, "ఇక అడగండి," అన్నాడు మళ్ళీ.

"ఉండండి," అన్నారు జోగారావుగారు. "ఆవిడ తింటోంది."